‘నాకు చాదస్తం వచ్చిందటే?’

ప్రశ్న: మా అత్తగారికి 74 ఏళ్ళు. మామగారు పోయినప్పటి నుంచి కాకినాడలో మా దగ్గరే ఉంటున్నారు. మడి, తిథులు, వంటలో కొలతలు, ఇలా అన్నిటిలోనూ ఆవిడది గట్టి పట్టింపు. ‘అమ్మ చాదస్తం’ అని ఇంట్లో అందరం నవ్వుకునేవాళ్ళం. ఏడాదిన్నరగా తీరు మారింది. అడిగిన ప్రశ్నే మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు. పోయిన వేసవిలో ఆవకాయలో ఉప్పు రెండుసార్లు వేశారు. మడి కట్టుకోవడం దాదాపు మానేశారు. మా వారు ‘వయసు వచ్చింది, చాదస్తం’ అంటారు. అమెరికాలో ఉన్న మరిది వీడియో కాల్‌లో మాట్లాడి, ‘బాగానే ఉందిగా’ అంటాడు. మాకు తెలిసిన డాక్టరుగారు ‘డిమెన్షియా కావచ్చు, న్యూరాలజిస్టుకు చూపించండి’ అని చీటీ రాసి ఇచ్చారు. దానికి తెలుగు మాట వెతికితే ‘చిత్తవైకల్యం’ అని దొరికింది. అది చదివి మా వారు ‘మా అమ్మకు పిచ్చి అంటారా’ అని ఆ చీటీని బీరువాలో పెట్టేశారు. ఆ మాట కాగితం మీదికి ఎక్కితే అమ్మ సంతకం చెల్లదేమోనన్న భయం కూడా ఆయనకు ఉంది. అసలు చాదస్తం అంటే ఏమిటి? మా అత్తగారికి ఉన్నది అదేనా? ఏ మాట వాడాలి? మొన్న ఆవిడే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ‘నాకు చాదస్తం వచ్చిందటే, అమ్మాయ్?’ అని అడిగారు. నేను ఏమీ చెప్పలేకపోయాను.

సమాధానం: మీరు మాట గురించి అడిగారు కాబట్టి ఇది చిన్న విషయమని ఎవరైనా అనుకోవచ్చు. నాకు అలా అనిపించలేదు. డాక్టరు రాసిచ్చిన చీటీ మీ ఇంటి బీరువాలో ఆగిపోవడానికి కారణం డబ్బు కాదు, తీరిక లేకపోవడమూ కాదు. ఒక మాట మరీ తేలికగా ఉండడం, ఇంకొక మాట మరీ బరువుగా ఉండడం, ఆ రెండింటి మధ్య మీ అత్తగారి పరిస్థితికి సరిపోయే మాట ఎవరికీ దొరకకపోవడమే అసలు కారణం. నేను వైద్యుణ్ణి కాను, మాటల గురించి రాసేవాణ్ణి. అయినా మీ ఉత్తరం చదివాక ఒక్క విషయం తడబడకుండా చెప్పగలను. మీరు వివరించిన దానిని తెలుగులో చాదస్తం అనరు. అలా అనడం వల్లనే మీరు ఇప్పటికి ఏడాదిన్నర కాలం పోగొట్టుకున్నారు.

ముందు ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దాం. ఛందస్సు అంటే పద్యాల నడక అని మనం బడిలో నేర్చుకున్నాం గానీ, సంస్కృతంలో దానికి వేదం అనే అర్థం కూడా ఉంది. వేదాన్ని అధ్యయనం చేసినవాడు ఛాందసుడు. మొదట అది గౌరవం ఉన్న మాటే. అయితే ఏళ్ళ తరబడి వల్లె వేయడంలో మునిగి, చదివినదాన్ని అక్షరం పొల్లుపోకుండా పట్టుకుని, బయట లోకం ఎలా నడుస్తోందో గమనించని పండితుణ్ణి చూసి నలుగురూ నవ్వడం మొదలయ్యాక, ఛాందసుడంటే లౌకికం తెలియని అమాయకుడు, పాతకాలపు మనిషి అన్న అర్థం స్థిరపడింది. ఆ ఛాందసమే వాడుకలో నలిగి చాదస్తం అయిందని నిఘంటువులు చెబుతాయి. ఈ పుట్టుక తెలిస్తే మాట స్వభావం అర్థమవుతుంది. చాదస్తం అన్నది జ్ఞాపకం పోయినవారి గురించి పుట్టిన మాట కాదు. అన్నీ కంఠతా వచ్చినవారి గురించి, అంటే జ్ఞాపకం మరీ గట్టిగా ఉన్నవారి గురించి పుట్టిన మాట అది.

ఈ రోజు వార్తాపత్రికల్లో కనిపించే ‘మత ఛాందసవాదం’, మన ఇళ్ళలో వినిపించే ‘అమ్మమ్మ చాదస్తం’ ఒకే వేరు నుంచి వచ్చిన రెండు కొమ్మలు. ఒకటి కరుకుగా ఎదిగింది, రెండోది ముద్దుగా మిగిలింది. ప్రయాణానికి నాలుగు గంటల ముందే స్టేషనుకు చేరాలనే తండ్రిదీ, చెప్పిన జాగ్రత్తే పదిసార్లు చెప్పి పంపే తల్లిదీ, కాగితంలో ఒక్క కామా తప్పినా మళ్ళీ టైపు చేయించే ఆఫీసరుదీ చాదస్తమే. ఆ ఆఫీసరుకు ముప్ఫయి అయిదేళ్ళే ఉండవచ్చు. ‘చాదస్తపు మొగుడు చెబితే వినడు, గిల్లితే ఏడుస్తాడు’ అన్న సామెతలో మొగుడి వయసు ప్రసక్తే లేదు. చాదస్తం వయసుతో వచ్చేది కాదు, మనిషి స్వభావంలో ఉండేది. పెద్దవయసులో పని తగ్గి, కంగారు పెరిగి అది కొంత ముదరవచ్చు, అందుకే ‘ముసలి చాదస్తం’ అనే జంటమాట పుట్టింది. కానీ ఆ జంటలో ముసలి అన్నది విశేషణమే తప్ప కారణం కాదు.

ఇప్పుడు మీ ఇంటికి వద్దాం. తలుపు గడియ వేశామో లేదో అని ఇద్దరు మనుషులు రాత్రి మూడుసార్లు లేచి చూశారనుకోండి. మొదటి మనిషికి గడియ వేసినట్టు గుర్తుంది, అయినా మనసు నిలవక వెళ్ళి చూస్తాడు, చూసి వచ్చి ‘వేసే ఉంది’ అని తనకు తాను చెప్పుకుంటాడు. రెండో మనిషికి తాను ఇంతకుముందే లేచి చూసిన సంగతే గుర్తు లేదు, మూడోసారి కూడా ఆయనకు అది మొదటిసారే. బయటి నుంచి చూసేవారికి రెండూ ఒకేలా ఉంటాయి కాబట్టి రెండింటినీ ఒకే మాటతో పిలుస్తాం. మొదటిది చాదస్తం. రెండోదానికి ఆ పేరు పెట్టడం తప్పు. ఒకే ప్రశ్న మళ్ళీ అడిగేవారి విషయంలోనూ అంతే. ‘ఇందాక అడిగాను గానీ మళ్ళీ అడుగుతున్నాను’ అన్న మాట ముందో వెనకో ఉంటే అది పట్టింపు. అడిగిన ప్రతిసారీ ముఖంలో అదే కొత్తదనం ఉంటే అది వేరే సంగతి.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ ఆపిన వాక్యం ఆవకాయ గురించినది కూడా కాదు, ‘మడి కట్టుకోవడం దాదాపు మానేశారు’ అన్నది. యాభై ఏళ్ళకు పైగా ఒక మనిషిని నడిపించిన పట్టింపు, ఎవరు నవ్వినా వదలని పట్టింపు, ఎవరూ మానమని చెప్పకుండానే జారిపోయింది. ఇంట్లో ఎవరైనా దీన్ని చూసి ‘పోనీలే, చాదస్తం తగ్గింది’ అని ఊరట పడి ఉంటారని ఊహించగలను. నిజానికి మీ అత్తగారి విషయంలో కనిపించిన మొదటి గుర్తు చాదస్తం పెరగడం కాదు, చాదస్తం పోవడం. మడి అంటే వరుస తప్పకుండా చేయాల్సిన పనుల గొలుసు: ఆరేసిన బట్ట ఏది, ముట్టుకోవాల్సిన గిన్నె ఏది, దేని తరవాత ఏది. ఆ వరుసను మనసులో నిలుపుకోవడం కష్టమైనప్పుడు మనిషి దాన్ని మెల్లగా వదిలేస్తారు, ఒక్కోసారి తప్పు చేసి నలుగురిలో దొరికిపోతామన్న భయంతో కావాలనే వదిలేస్తారు. ఎన్నో వేసవులు చేతి కొలతతో ఉప్పు, కారం, ఆవపిండి వేసిన మనిషి ఉప్పు రెండుసార్లు వేయడం కూడా అలాంటిదే. వయసుతో చేయి నెమ్మదిస్తుంది, కళ్ళు మసకబారతాయి, ఎదురింటాయన పేరు నాలుక చివర ఆగిపోయి సాయంత్రానికి గుర్తొస్తుంది. అవి వయసువి. బాగా వచ్చిన పని మధ్యలో దారి తప్పడం అలాంటిది కాదు.

ఈ సంగతి నేను పుస్తకాలు చూసి మాత్రమే చెప్పడం లేదు. మా అమ్మ చివరి ఏళ్ళలో ఒక దశలో ఏ పనిలోనూ ఆసక్తి లేకుండా కుర్చీలో ముభావంగా కూర్చునేది, అడిగినదానికి సగం జవాబు చెప్పి ఆగిపోయేది, మజ్జిగ కవ్వం చేతిలో పట్టుకుని ఎందుకు లేచానో అని నిలబడిపోయేది. ముసలి చాదస్తం అని నేను దాదాపు ఏడాది సరిపెట్టుకున్నాను. చివరికి వేరే పని మీద చేయించిన రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా తగ్గిందని తేలింది. మాత్ర మొదలుపెట్టాక కొన్ని నెలలకు అమ్మ చాలావరకు తేరుకుని, పాత సంగతులు పూసగుచ్చినట్టు చెప్పింది. మాటల గురించి రాసే నేను, నా ఇంట్లో ఒక మాట చేసిన పని గమనించలేదు. ఆ ఏడాది నాకు ఇప్పటికీ ముల్లులా తగులుతూనే ఉంటుంది, అందుకే మీకు ఇంత పొడవుగా రాస్తున్నాను.

పెద్దవయసులో బుద్ధి మందగించడం మామూలే అన్న నమ్మకం మనకు ఒక్కరికే లేదు. కన్నడిగులు ‘అరవత్తక్కె అరళు మరళు’ అంటారు, అంటే అరవైకి మతి అటూఇటూ అవుతుందని. హిందీలో అయితే అరవై అనే అంకె నుంచే క్రియ పుట్టించి ‘సఠియానా’ అన్నారు. షష్టిపూర్తి చేసుకుని కొత్త బట్టలు కట్టుకునే వయసుకు ఇలాంటి పేరు పెట్టడం నాకు బాధగానే ఉంటుంది. లెక్క కూడా ఆ సామెతలకు ఎదురుగానే ఉంది. మన దేశంలో 60 ఏళ్ళు దాటినవారిలో డిమెన్షియా ఉన్నవారు 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మంది అని 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. అది చిన్న సంఖ్య కాదు. అయినా దాన్ని తిరగేసి చూస్తే నూటికి తొంభై రెండు మందికి పైగా ఆ జబ్బు లేకుండానే ఉన్నారు. వయసు పెరిగేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది, కానీ అది వృద్ధాప్యంలో సహజంగా వచ్చే భాగం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెబుతోంది.

వైద్యులు కూడా ఒకప్పుడు మనలాగే అనుకున్నారని తెలిస్తే మీ వారికి కొంత ఊరట కలగవచ్చు. 1906లో జర్మనీలో ఆలోయిస్ అల్జీమర్ అనే వైద్యుడు వివరించిన మొదటి రోగి ముదుసలి కాదు, ఆసుపత్రిలో చేరేనాటికి ఆమెకు 51 ఏళ్ళు. అందువల్ల చాలా దశాబ్దాల పాటు అల్జీమర్స్ (డిమెన్షియాకు ఎక్కువగా కారణమయ్యే జబ్బు) అన్న పేరును నడివయసులో వచ్చినదానికే ఉంచుకుని, అదే మార్పు పెద్దవయసులో వస్తే వయసు ఖాతాలో వేశారు. రెండూ ఒకటే జబ్బని 1970ల తరవాత గానీ వైద్యలోకం గట్టిగా ఒప్పుకోలేదు. ఆ కాలపు మాట ‘సెనైల్’. లాటిన్‌లో ముసలివాడు అనే పదం నుంచి వచ్చింది. అదే పదం నుంచి సెనేట్, అంటే పెద్దల సభ కూడా వచ్చింది. వేదం చదివినవాడి నుంచి చాదస్తం పుట్టినట్టే, అక్కడ కూడా పెద్దరికపు మాట ఒకవైపు గౌరవంగానూ ఇంకొకవైపు వెక్కిరింతగానూ చీలింది.

ఇక మీ వారిని భయపెట్టిన మాట. చిత్తవైకల్యం అన్నది డిమెన్షియాకు పాఠ్యపుస్తకాల కోసం కూర్చిన అనువాదం. కూర్చినవారి తప్పేమీ లేదు, డిమెన్షియా అన్న లాటిన్ మాటకు కూడా మనసు నుంచి తొలగిపోవడం అనే అర్థం. కానీ తెలుగువాడి చెవికి చిత్తం అనగానే చిత్తచాంచల్యం, వైకల్యం అనగానే అవిటితనం గుర్తొస్తాయి, రెండూ కలిసి పిచ్చి అని వినిపిస్తాయి. మీ వారు కోపగించుకోవడంలో తల్లి మీద ప్రేమ ఉంది, ఆ కోపాన్ని తప్పు పట్టకండి. పత్రికలు రాసే ‘మతిమరుపు వ్యాధి’ ఇంతకంటే మెత్తని మాట. తెలంగాణ ఇళ్ళలో వినిపించే ‘యాదిమరుపు’ నా చెవికి ఇంకా బాగుంటుంది, అందులో నింద లేదు. అయితే ఈ రెండింటికీ ఒక లోటు ఉంది. ఈ జబ్బులో పోయేది జ్ఞాపకం ఒక్కటే కాదు. డబ్బు లెక్క, మాట దొరకడం, తెలిసిన వీధిలో దారి, ఎవరిని నమ్మాలో తెలియడం, ఇవి కూడా దెబ్బతింటాయి. మతిమరుపు అని మాత్రమే అనుకుంటే, తనకు రావలసిన పాలడబ్బు ఎవరో దొంగిలించారని అత్తగారు ఒక రోజు అన్నప్పుడు అది జబ్బులో భాగమని తోచక మనసు కష్టపెట్టుకుంటారు.

జపాన్‌లో సరిగ్గా ఇదే సమస్య వచ్చింది. అక్కడ ఈ జబ్బుకు వాడుకలో ఉన్న పేరు బుద్ధిహీనతను సూచించేది కావడంతో, అది మనుషులను అవమానిస్తోందనీ, సకాలంలో వైద్యం దగ్గరికి రానివ్వడం లేదనీ 2004లో ప్రభుత్వమే దాన్ని మార్చి, గ్రహణశక్తికి సంబంధించిన జబ్బు అనే అర్థం వచ్చే కొత్త పేరు పెట్టింది. తెలుగులో అలాంటి పని ఇంకా ఎవరూ చేయలేదు. అది జరిగేదాకా మీ ఇంట్లో షుగరు, బీపీ అన్నట్టే డిమెన్షియా అనే అనమని నా సలహా. పరాయి మాటే కావచ్చు గానీ, దానికి మన వీధుల్లో తిట్టుగా వాడిన చరిత్ర లేదు. తెలుగే కావాలంటే ‘జ్ఞాపకానికి, ఆలోచనకు వచ్చిన జబ్బు’ అని విడమరిచి చెప్పండి. ఒక్క మాటలో ఇమడని సంగతిని నాలుగు మాటల్లో చెప్పడం తప్పు కాదు.

అంతకంటే ముఖ్యంగా, డాక్టరు దగ్గర ఏ పేరూ వాడకండి. ‘చాదస్తంగా ఉంటున్నారండీ’ అంటే వైద్యుడికి ఏమీ తెలియదు, డిమెన్షియా అని మీరే పేరు పెట్టి చెబితే మీరు చూసిన సంగతులు వెనక్కి పోతాయి. జరిగినవి చెప్పండి. ఒక చిన్న నోటుపుస్తకంలో తేదీ వేసి, ఏ రోజు ఏమి జరిగింది, అంతకుముందు ఆ పనిని ఆవిడ ఎలా చేసేవారు, రెండూ పక్కపక్కన రాయండి. ‘ఎప్పటి నుంచి’ అన్న ప్రశ్నకు ఆవకాయ, పండగలు, పెళ్ళిళ్ళు మంచి కొండగుర్తులు. ఫలానా పెళ్ళికి ఆవిడే సారె సర్దారు, ఆ తరవాతి సంక్రాంతికి అరిసెల పాకం కుదరలేదు అని చెబితే, మార్పు ఎంత వేగంగా వచ్చిందో వైద్యుడికి తెలుస్తుంది.

పరీక్షలో అడిగే ప్రశ్నల గురించి కూడా ఒక హెచ్చరిక. ఈ రోజు తేదీ ఎంత అని అడుగుతారు. మీ అత్తగారి తరం ఆడవారిలో చాలామందికి ఇంగ్లీషు తేదీతో ఎప్పుడూ పని పడలేదు, వారి లెక్క పంచాంగంతో నడిచింది. ఆవిడ తేదీ చెప్పలేక ‘రేపు ఏకాదశి’ అని సరిగ్గా చెప్పారంటే కాలం ఆవిడకు తెలుస్తోందని అర్థం. అదే, ఎన్నో ఏళ్ళుగా ఏకాదశి ఉపవాసం ఉన్న మనిషికి ఇప్పుడు తిథి కూడా తెలియడం లేదంటే అది పెద్ద సంగతి. ఈ తేడా పక్కన ఉన్న మీరే వైద్యుడికి చెప్పాలి.

వెళ్ళడం ఎందుకు అని మీ వారు అడిగితే, వెళ్ళినంత మాత్రాన డిమెన్షియా అనే తేలదని చెప్పండి. బి12 విటమిను తగ్గినా, థైరాయిడ్ తగ్గినా, రక్తంలో సోడియం పడిపోయినా, దిగులు లోపల గూడుకట్టుకున్నా, తలకు తగిలిన చిన్న దెబ్బ వల్ల లోపల రక్తం నెమ్మదిగా చేరినా ఇలాంటి మార్పులే కనిపించవచ్చు. నిద్రమాత్రలు, కొన్ని రకాల అలర్జీ మాత్రలు, మూత్రం ఆపుకోలేనివారికి ఇచ్చే కొన్ని మందులు పెద్దవారి ఆలోచనను మసకబారుస్తాయి. వినికిడి తగ్గినవారు జవాబు తప్పు చెబితే మనం దాన్ని మరుపు అనుకుంటాం. వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. మామగారు పోయిన తరవాతి దిగులు కూడా ఇందులో ఉందేమో వైద్యుడే చూడాలి. ఒకవేళ అల్జీమర్స్ అనే తేలినా, దాన్ని పూర్తిగా నయం చేసే మందు నేటికి లేదన్నది నిజమే గానీ, కొంతకాలం లక్షణాలను అదుపులో ఉంచే మందులు ఉన్నాయి. అంతకంటే విలువైనది, ఏం జరుగుతోందో తెలిసి మసలుకునే అవకాశం.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. మార్పు నెలల్లో కాకుండా గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో వచ్చి, మనిషి మగతగానో కంగారుగానో అయిపోయి పొంతన లేకుండా మాట్లాడితే అది చాదస్తమూ కాదు, మామూలుగా నెమ్మదిగా ముదిరే డిమెన్షియా కూడా కాదు. మూత్రంలో ఇన్ఫెక్షను వంటి కారణాలతో పెద్దవారికి అలా అవుతుంది, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఈ జబ్బు గురించి మన భాషల మధ్యే, మన మనుషులతోనే జరిగిన పరిశోధన ఒకటి ఉందని కూడా మీ వారికి చెప్పండి. హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి, ఆమె సహచరులు డిమెన్షియా ఉన్న 648 మందిని పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించారు. ఒక్క భాషే వచ్చినవారి కంటే రెండు లేదా అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారిలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలయ్యాయి, చదువు లేనివారిలోనూ ఆ తేడా కనిపించింది. నేను దీన్ని చెప్పడం మీ అత్తగారికి ఇప్పుడు హిందీ నేర్పమని కాదు. తెలుగు మాట్లాడే, బడి ముఖం చూడని పెద్దవాళ్ళను కూడా ఓపికగా కూర్చోబెట్టి పరీక్షించే వైద్యులు మన మధ్య ఉన్నారనీ, న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళడమంటే పిచ్చాసుపత్రి మెట్లెక్కడం కాదనీ చెప్పడానికి.

మీ మరిదిగారి మాట సంగతి. ఆయన అబద్ధం చెప్పడం లేదు. పది నిమిషాల వీడియో కాల్‌లో ‘తిన్నావా నాన్నా, చలిగా ఉందా, పిల్లలు బాగున్నారా’ అన్న మాటలు ఏళ్ళ అలవాటు మీద వాటంతట అవే వస్తాయి, దూరాన ఉన్న కొడుకు ఎదుట తల్లి ఉన్న శక్తినంతా కూడగట్టుకుంటుంది కూడా. కాల్ అయిపోయిన అరగంటకు ‘చిన్నవాడు ఫోను చేసి ఎన్నాళ్ళయిందో’ అని ఆవిడ అంటే, ఆ అరగంట ఆయనకు కనిపించదు. ఆయనతో వాదించకండి. నోటుపుస్తకంలోని నాలుగు పేజీలు ఫొటో తీసి పంపండి, వీలైతే ఆయన వచ్చినప్పుడు వారం రోజులు తల్లి మందులు, భోజనం చూసే పని ఆయనకే అప్పగించండి.

సంతకం గురించిన భయానికి కూడా జవాబు ఉంది. జబ్బు పేరు కాగితం మీద ఉన్నంత మాత్రాన మనిషి సంతకం చెల్లకుండా పోదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమైనా, వీలునామాలకు వర్తించే 1925 నాటి వారసత్వ చట్టమైనా చూసేది ఆ కాగితం మీద సంతకం పెట్టే సమయానికి ఆ మనిషికి తాను చేస్తున్నదేమిటో తెలుస్తోందా అన్నదే. తొలి దశలో చాలామందికి అది బాగానే తెలుస్తుంది. ఆవిడ మనసులో ఏదైనా ఏర్పాటు ఉంటే ఇప్పుడే, ఒక వకీలును పిలిచి, ఆవిడ తెలిసి చేస్తున్నారని వైద్యుడి ధ్రువీకరణ కూడా తీసుకుని, ఆవిడ ఇష్టప్రకారం రాయించడం మంచిది. చాదస్తం అంటూ రోజులు నెట్టడం వల్లే చివరికి ఆ సంతకం నిజంగా ప్రశ్నలో పడుతుంది.

చుట్టాలకు పెద్ద వివరణలు అక్కర్లేదు. ‘ఆవిడకు ఈ మధ్య కొన్ని గుర్తుండడం లేదు, మీరెవరో ముందు మీరే చెప్పి పలకరించండి’ అంటే చాలు. పిల్లలకు మాత్రం నిజం చెప్పండి, బామ్మ మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పాలనీ, ‘ఇందాకే చెప్పానుగా’ అనకూడదనీ నేర్పండి, వాళ్ళు మనకంటే త్వరగా నేర్చుకుంటారు. మీకే అలసట ఎక్కువై ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే వయోవృద్ధుల జాతీయ సహాయవాణి 14567 ఉంది, మీ మనసు బాగా లేనప్పుడు మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 ఉంది. ఇంటి భారం ఎక్కువగా మీ మీదే ఉందని ఉత్తరంలో మీరు రాయకపోయినా నాకు కనిపించింది.

మరి చాదస్తం అనే మాటను ఇంట్లో నుంచి వెళ్ళగొట్టాలా? అక్కర్లేదు. తులసికోట దగ్గర దీపం మీదికి గాలి తగలకుండా ఆవిడ నాలుగుసార్లు చెయ్యి అడ్డుపెడితే ‘అత్తయ్యగారి చాదస్తం’ అని మీరు నవ్వండి, ఆవిడా నవ్వుతారు. అది ఆవిడకు ఇంకా మిగిలి ఉన్నదాన్ని గుర్తించడమే. పోతున్నదానికి మాత్రం ఆ పేరు పెట్టవద్దు, ముఖ్యంగా ఆవిడ వినేలా. మతిమరుపు ఉన్నవారికి మాట మరిచిపోయినా, దాన్ని అన్న గొంతులోని విసుగు చాలాసేపు లోపలే ఉండిపోతుంది.

చివరికి, ఆవిడ మిమ్మల్ని అడిగిన ప్రశ్న. తనలో ఏదో మారుతోందని ఆవిడకే తెలుస్తోంది, ఆ మార్పుకు ఇంట్లో వినిపించే ఒకే ఒక్క మాటను అరువు తెచ్చుకుని మిమ్మల్ని అడిగారు. కొడుకును కాదు, మిమ్మల్ని. అదేం లేదండీ అని కొట్టిపారేస్తే ఆవిడ ఆ భయంతో ఒంటరిగా మిగిలిపోతారు. పెద్ద జబ్బు పేరు చెప్పడానికి పరీక్షలు ఇంకా కాలేదు. కాబట్టి ఈ రెండూ కాకుండా, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, ఇలా చెప్పవచ్చు: ‘చాదస్తం కాదు అత్తయ్యగారూ. మీకు ఈ మధ్య కొన్ని సంగతులు గుర్తుండడం లేదు, నేనూ చూస్తున్నాను. ఎందుకో డాక్టరుగారిని అడుగుదాం. నేను మీతోనే వస్తాను.’ ఆవిడ మరునాడు మళ్ళీ అడిగితే మళ్ళీ అదే చెప్పండి. బీరువాలోని చీటీ, వాడుతున్న మందులన్నీ, కళ్ళజోడు, ఆ నోటుపుస్తకం ఒక సంచిలో పెట్టుకుని, ఆవిడ మనసు తేటగా ఉండే ఉదయం పూట బయలుదేరండి.